ఊరికెక్కిన చైనా పేర్లు

ఖరగ్‌పూర్‌లో పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వేసిన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. ఇనుము, యంత్రాలు, లారీలు తిరిగే ఆ చోటుకు పంతొమ్మిదో శతాబ్దపు సంస్కృత పండితుడి పేరెందుకని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1820లో పుట్టిన బీర్‌సింహ ఇదే పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉంది. 1981లో మేదినీపూర్‌లో వచ్చిన విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. 1992లో కోల్‌కతాకూ హౌరాకూ మధ్య తెరిచిన వంతెనకూ ఆయన పేరే. సంతాలుల మధ్య ఆయన ఏళ్ల తరబడి గడిపిన కర్మాటాడ్ రైల్వేస్టేషన్‌కూ ఆయన పేరే. తీరా చూస్తే అది ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆయన ఇంటిపేరు బంద్యోపాధ్యాయ. ‘విద్యాసాగర్’ అనేది చదువుకున్న సంస్కృత కళాశాల ఇచ్చిన బిరుదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఖరగ్‌పూర్ చేరి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ తిరకాసు కొత్త కాదు. వితంతు వివాహాలు చేయించిన కందుకూరి వీరేశలింగానికి ‘దక్షిణదేశ విద్యాసాగరుడు’ అని పేరొచ్చింది. ఆయన ఇంటిపేరేమో కందుకూరు అనే ఊరి నుంచి వచ్చింది. 2022లో మన్యం ప్రాంతంలో ఏర్పడ్డ జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. పుట్టినప్పుడు ఆయన శ్రీరామరాజు. జనం నోట సీతారామరాజయ్యాడు, జిల్లాకూ ఆ పేరే దక్కింది. మనిషి నుంచి ఊరికి, ఊరి నుంచి మనిషికి పేర్లు ఇలా చేతులు మారుతూ ఉంటాయి. ఈ వ్యవహారం చైనాలో ఎన్ని మలుపులు తిరిగిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ మలుపుల్లో ఒకటి ఖరగ్‌పూర్‌కు దగ్గర్లోనే, హుగ్లీ ఒడ్డున ఉంది.

చైనాలో మొదట ఊరి పేరే మనిషికెక్కింది. ప్రాచీన కాలంలో రాజు ఇచ్చిన మాన్యం పేరో, చిన్న రాజ్యం పేరో ఆ వంశానికి ఇంటిపేరయ్యేది. చెన్, సొంగ్, జావ్, జెంగ్, వు వంటి నేటి ఇంటిపేర్లు ఒకప్పుడు రాజ్యాల పేర్లు. ఒవ్‌యాంగ్ అనే జంట ఇంటిపేరుకు మూలం ఒక కొండ: ఒవ్‌యు కొండకు దక్షిణాన ఉండేవాళ్లని అర్థం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కూడా పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లను సొంతూరి పేరుతో చెప్పుకునేవారు. లి హోంగ్‌జాంగ్ ‘లి హఫెయ్’, సంస్కర్త కాంగ్ యువెయ్ ‘కాంగ్ నాన్‌హాయ్’, యువాన్ షికాయ్ ‘యువాన్ షియాంగ్‌చెంగ్’. మన దగ్గర తంగుటూరి, గుంటూరి అన్నట్టే ఇదంతా.

ఊరి పేరు మనిషికి రావడానికి అడ్డు లేదు గానీ, మనిషి పేరు ఊరికి వెళ్లడానికి పెద్ద అడ్డంకి ఉండేది. చక్రవర్తి సొంత పేరును పలకకూడదు, రాయకూడదు. ఆ అక్షరం ఏ ఊరి పేరులో ఉన్నా ఆ ఊరే పేరు మార్చుకోవాలి. క్రీ.పూ. 180లో గద్దెనెక్కిన హాన్ చక్రవర్తి వెన్ సొంత పేరు లియు హెంగ్. దాంతో హెంగ్‌షాన్ అనే పవిత్ర పర్వతం చాంగ్‌షాన్ అయిపోయింది. క్రీ.శ. 313లో సిమా యె అనే యువకుడు జిన్ చక్రవర్తి కాగానే జియాన్‌యె నగరం జియాన్‌కాంగ్‌గా మారింది. నేటి నాన్‌జింగ్ అదే. యోంగ్‌జెంగ్ రాజ్యానికి వచ్చాక 1723లో, ఆయన సొంత పేరైన యిన్‌జెన్‌లోని ధ్వని ఉందన్న కారణంతో హెబెయ్ ప్రాంతపు జెన్‌దింగ్ పట్టణం జెంగ్‌దింగ్ అయింది. ఆ పేరు నేటికీ అదే. 1980లలో షి జిన్‌పింగ్ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిగా పనిచేసిన కౌంటీ ఇదే.

నియమం తప్పితే ఏమయ్యేదో 1777 నాటి ఒక కేసు చెబుతుంది. వాంగ్ షిహోవ్ అనే పండితుడు ఒక నిఘంటువు కూర్చాడు. ఫలానా అక్షరాలు చక్రవర్తుల పేర్లలోవి, వాటిని వాడకండని చదువుకునేవాళ్లకు హెచ్చరిస్తూ ఆ పేర్లను పూర్తిగా రాసి చూపాడు. జాగ్రత్త చెప్పబోయినవాడే దోషి అయ్యాడు. చియన్‌లోంగ్ చక్రవర్తి ఆయనకు మరణశిక్ష వేయించాడు.

సరిగ్గా ఆ కాలంలోనే ఒక చైనా వ్యాపారి బెంగాల్ చేరాడు. రికార్డుల్లో ఆయన ఆచ్యూ, లేదా టోంగ్ ఆచ్యూ. చైనావాళ్లు చెప్పే పూర్తి పేరు యాంగ్ దాజావ్. 1770ల చివర గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ బజ్‌బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున ఆయనకు సుమారు 650 బిఘాల భూమి ఇచ్చాడు, ఏడాదికి 45 రూపాయల శిస్తు మీద. గుర్రమెక్కి పొద్దుపొడిచింది మొదలు పొద్దుగూకేదాకా ఎంత దూరం తిరిగితే అంత నేల ఇస్తామన్నారని జనంలో కథ ఉంది. కంపెనీ లెక్కలు మాత్రం శిస్తు గురించే మాట్లాడతాయి. ఆచ్యూ అక్కడ చెరకు వేయించి, పంచదార మిల్లు పెట్టి, చైనా నుంచి కూలీలను రప్పించాడు. ఈ దేశంలో చైనావాళ్లు కట్టుకున్న మొదటి ఊరుగా చరిత్రకారులు దీన్నే లెక్కవేస్తారు.

వ్యాపారం సాఫీగా సాగలేదు. 1781 నవంబరులో కంపెనీ ప్రభుత్వం ఒక ప్రకటన వెలువరించింది. ఆచ్యూ దగ్గర అయిదేళ్ల ఒప్పందం మీద పనిచేస్తున్న చైనా కూలీలను కొందరు దుర్బుద్ధితో మరిపించి తీసుకుపోతున్నారు, ఇది ఆపకపోతే శిక్ష తప్పదు అన్నది అందులోని సారాంశం. కలకత్తా అప్పుడు పెరుగుతున్న ఊరు. ఓడలు దిగిన చైనా వడ్రంగులకు అక్కడ చేతినిండా పని. చెరకు తోటలో ఒప్పంద కూలీగా ఉండటం కన్నా అదే నయమని చాలామందికి తోచి ఉంటుంది. 1783 ముగిసేసరికి ఆచ్యూ చనిపోయాడు. తోట చేతులు మారింది, కూలీలు కలకత్తా దారి పట్టారు, మిల్లు మూతపడింది.

ఊరికి మాత్రం ఆయన పేరు ఉండిపోయింది. ఆచ్యూకు బెంగాలీ నోట ‘పూర్’ చేరి ఆచిపూర్ అయింది. ఏ గవర్నరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఏ సభా తీర్మానం చేయలేదు. సొంత దేశంలో చక్రవర్తి పేరులోని అక్షరం రాసినందుకు తల తెగుతున్న కాలంలో, పరాయి దేశంలో ఒక చెరకు వ్యాపారి పేరు ఊరిపేరైంది. అదీ ఇంట్లోవాళ్లు, సాటివాళ్లు పిలుచుకునే పొట్టి పేరు. దక్షిణ చైనాలో చనువుగా పిలిచేటప్పుడు ముందు ‘ఆ’ చేర్చడం వాడుక. పూర్తి పేరైన యాంగ్ దాజావ్ ఆ నేల మీద ఎక్కడా వినబడదు.

అక్కడి నుంచి బయల్దేరినవాళ్ల వారసులే కాలక్రమంలో కలకత్తా పాత చైనాబజారును నిలబెట్టారు. దాని పేరు టిరెట్టా బజార్. అదీ ఒక మనిషి పేరే: ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఇటలీవాడిది. కంపెనీ కింద కలకత్తా వీధులు, భవనాల పర్యవేక్షకుడిగా పనిచేసి ఆ బజారును సొంతం చేసుకున్నాడు. కాసనోవా ఆత్మకథలో కూడా ఆయన ప్రస్తావన ఉంది. ఆ చుట్టుపక్కలే మరో వీధికి సన్ యట్‌సేన్ పేరు పెట్టారు. తెల్లవారుజామున వేడి మోమోలు, బావ్‌లు, చేప ఉండల సూపు అమ్మే చోటుగా కోల్‌కతా తిండిప్రియులకు సన్ యట్‌సేన్ స్ట్రీట్ బాగా తెలుసు. ఆ వీధి పేరు గల మనిషి చైనాలో ఒక పెద్ద నగరానికే పేరయ్యాడు. ఆ పేరు కథ మరీ విచిత్రం.

సన్ యట్‌సేన్ 1866లో గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రం షియాంగ్‌షాన్ కౌంటీలోని చుయ్‌హెంగ్ గ్రామంలో పుట్టాడు. కాగితాల్లో ఆయన పేరు సన్ వెన్. బయటి ప్రపంచం ఎరిగిన యట్‌సేన్ తర్వాత వచ్చింది. 1897లో మంచూ ప్రభుత్వం కంటపడకుండా జపాన్‌లో తలదాచుకున్నప్పుడు, టోక్యోలో బస కోసం వెళ్తున్న దారిలో ‘నకయామ’ అనే ప్రభువుల ఇంటి బోర్డు కనిపించింది. వెంట ఉన్న జపాన్ మిత్రుడు సత్రం పుస్తకంలో ఆయన పేరును నకయామ అని రాసేశాడు. ఆ రెండు అక్షరాలనే చైనా భాషలో చదివితే జోంగ్‌షాన్. చైనాలో ఆయనను నేటికీ సన్ జోంగ్‌షాన్ అనే అంటారు.

1925 మార్చి 12న ఆయన చనిపోయాడు. నెల తిరిగేసరికి పుట్టిన కౌంటీ షియాంగ్‌షాన్ పేరు జోంగ్‌షాన్ అయింది. ఆయనే 1924లో పెట్టిన గ్వాంగ్‌డోంగ్ విశ్వవిద్యాలయం 1926లో జోంగ్‌షాన్ విశ్వవిద్యాలయమైంది. యుద్ధనౌకకు, పార్కులకు, దాదాపు ప్రతి నగరంలో ఒక ప్రధాన రహదారికి అదే పేరు. జపాన్ కులీనుల ఇంటి గుమ్మం మీది పేరు ఒక చైనా విప్లవకారుడి మారుపేరై, చివరికి దక్షిణ చైనాలో ఒక నగరం పేరుగా స్థిరపడింది. రెండు వేల ఏళ్లు చక్రవర్తి పేరున్న ఊరు పేరు మార్చుకోవాల్సి వచ్చిన దేశంలో, గణతంత్రం వచ్చిన పద్నాలుగేళ్లలోపే నాయకుడి పేరు కోసం ఊరు పేరు మార్చారు. తైవాన్‌లో చియాంగ్ కైషేక్ కూడా ఈ దారినే వెళ్లాడు. అక్కడి నగరాల్లో జోంగ్‌జెంగ్ రోడ్లు ఆయన మరో పేరు మీద వచ్చినవే. తైపెయ్ దగ్గరి విమానాశ్రయానికి ఆయన పేరు తీసి 2006లో తావ్‌యువాన్ అని మార్చారు.

కమ్యూనిస్టులు యుద్ధకాలంలో ఇదే పద్ధతి తీసుకున్నారు. వాళ్లు పేర్లు పెట్టింది చనిపోయిన యోధులకు. 1936లో లియు జిదాన్ యుద్ధంలో చనిపోగానే ఆయన పుట్టిన షాన్‌షి ప్రాంతపు బావ్‌ఆన్ కౌంటీ జిదాన్ అయింది. పొరుగున ఉన్న ఆన్‌దింగ్‌కు షియె జిచాంగ్ పేరు పెట్టారు. 1942 మేలో జపాన్ సేనలతో పోరాడుతూ ఎయిట్త్ రూట్ ఆర్మీ డిప్యూటీ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జువో చ్యువాన్ మరణించాడు. ఆయన హునాన్‌వాడు. ఆయన పేరు పెట్టిందేమో తాను పడిపోయిన లియావ్ కౌంటీకి. అంటే పుట్టిన ఊరు పోయి, చనిపోయిన ఊరు ఆయన పేరు మోస్తోంది. ఈశాన్యంలో మంచులో ఒంటరిగా పోరాడి 1940లో చనిపోయిన యాంగ్ జింగ్‌యు పేరు మెంగ్‌జియాంగ్ కౌంటీకి 1946లో వచ్చింది. ఆయన అసలు పేరు మా షాంగ్‌ద. జింగ్‌యు దళంలో వాడుకున్న పేరు. ఉత్తర చైనాలో బొగ్గు ఎగుమతికి పేరుపడ్డ హువాంగ్‌హువా రేవు ఉన్న ఊరు కూడా 1943లో చనిపోయిన సైనికాధికారి హువాంగ్ హువా పేరిటే. ఆయనకూ చిన్ననాటి పేరు వేరు: హువాంగ్ జిన్‌షాన్.

ఈ వరస చూస్తే ఒకటి తేలుతుంది. విద్యాసాగర్, ఆచ్యూ, జోంగ్‌షాన్, జింగ్‌యు, హువాంగ్ హువా, సీతారామరాజు: వీళ్లలో ఎవరికీ తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊరికి దక్కలేదు. కళాశాల ఇచ్చిందో, చనువు ఇచ్చిందో, అజ్ఞాతం ఇచ్చిందో, జనం ఇచ్చిందో, బతికిన జీవితంలో సంపాదించుకున్న పేరే పటాల్లోకి ఎక్కింది.

మరి మావోగ్రాడ్ ఎందుకు రాలేదు? లెనిన్‌గ్రాడ్, స్టాలిన్‌గ్రాడ్ కళ్లముందే ఉన్నాయి కదా. 1949 మార్చిలో షిబాయ్‌పోలో జరిగిన పార్టీ కేంద్ర కమిటీ సమావేశంలో మావో పట్టుదల మీదే ఒక నియమం వచ్చింది: నాయకుల పేర్లు ఊళ్లకు, వీధులకు, కర్మాగారాలకు పెట్టరాదు. వీరుల పేర్ల మీద అప్పటికే వచ్చిన కౌంటీలు మాత్రం అలాగే ఉన్నాయి. 1986లో వచ్చిన స్థలనామాల నిబంధనలు మామూలుగా మనుషుల పేర్లు ఊళ్లకు పెట్టకూడదని, దేశనాయకుల పేర్లు అసలే నిషిద్ధమని రాతలో పెట్టాయి. 2022 మే 1న అమల్లోకి వచ్చిన సవరించిన నిబంధనల్లో విదేశీ వ్యక్తుల పేర్లకూ తలుపు మూసేశారు. చక్రవర్తుల కాలంలో భయం వల్ల వచ్చిన కట్టడి, ఇప్పుడు వ్యక్తిపూజ మీద కట్టడిగా తిరిగొచ్చింది. కారణం మారినా ఫలితం ఒకటే: ఇవాళ బతికున్న చైనా నాయకుడెవరి పేరునా అక్కడ ఊరు లేదు. మన దగ్గర నాయకుడు పోగానే జిల్లా పేరు మార్చాలన్న డిమాండు లేస్తుంది, ప్రభుత్వం మారగానే పేర్లు మళ్లీ చర్చకొస్తాయి. ఈ ఒక్క విషయంలో 1949 నాటి ఆ నియమం మెచ్చుకోదగ్గదే.

ఆచిపూర్ ఈ నిబంధనలన్నిటికీ బయట ఉంది. అక్కడ నది ఒడ్డున గుర్రపునాడా ఆకారంలో కట్టిన ఆచ్యూ సమాధి ఉంది. కొంచెం లోపలికి, చైనామన్‌తలా అనే చోట భూదేవతల గుడి ఉంది. చైనావాళ్లు పూజించే ఆ దంపతులను చుట్టుపక్కల బెంగాలీలు ఖుదా-ఖుది అంటారు. 1962 యుద్ధం తర్వాత చాలా చైనా కుటుంబాలను రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో నిర్బంధించారు. ఆ తర్వాత ఎందరో కెనడాకు, ఇతర దేశాలకు వెళ్లిపోయారు. కోల్‌కతాలో చైనావాళ్ల మరో పేట అయిన టాంగ్రాలో తోలు పని తగ్గిపోయింది. మిగిలినవాళ్లు మాత్రం చైనా కొత్త సంవత్సరం రోజుల్లో, అంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా, ఆచిపూర్ వచ్చి అగరుబత్తులు వెలిగించి వెళ్తూనే ఉన్నారు.

ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైల్లో హౌరా చేరి, సియాల్దా నుంచి రైల్లో బజ్‌బజ్ వెళ్తే ఆచిపూర్ అక్కడికి కొద్ది కిలోమీటర్లే. ఈసారి కోల్‌కతా వెళ్లే తెలుగువాళ్లు సన్ యట్‌సేన్ స్ట్రీట్‌లో పొద్దున్నే ఫలహారం చేసి, ఆ ఊరు కూడా చూసి రండి. కొత్త సంవత్సరం రోజుల్లో వెళ్తే గుడి తెరిచి ఉంటుంది, మాట్లాడటానికి మనుషులూ దొరుకుతారు.