బేరపు పేరు: కోరమాండల్ గుడ్డల నుంచి ఆన్‌లైన్ ట్యాగుల దాకా

చేతితో చేసిన వస్తువు ఊరి సంతలోనే అమ్ముడుపోయినంత కాలం దానికి ప్రత్యేకమైన పేరుతో పెద్దగా పని ఉండదు. కొనేవాడు దాన్ని కళ్ళారా చూసి, చేత్తో తడిమి, నచ్చితే ధర అడుగుతాడు. వస్తువు ఒక తీరాన, కొనేవాడు మరో తీరాన ఉన్నప్పుడు మాత్రం ఆ ఇద్దరి నడుమ తిరిగే మాట ఒకటి కావలసి వస్తుంది. నేడు ఆన్‌లైన్ అంగళ్ళలో చేతిపని వస్తువు వివరాలకు అమ్మకందారు జతచేసే చిన్న సూచక పదాలను ట్యాగులు అంటున్నారు. కొనుగోలుదారు వెతుకుతూ టైపు చేసిన మాట ఆ వివరాలతో, ఆ పదాలతో ఎక్కడో ఒకచోట కలిస్తేనే వస్తువు తెర మీదికి వస్తుంది. ఈ సాధనం కొత్తదే గాని, దాని వెనకనున్న చిక్కు, అంటే చేసేవాడి మాటకూ కొనేవాడి మాటకూ మధ్యనున్న దూరం, తెలుగు తీరానికి నాలుగు వందల ఏళ్ళుగా పరిచయమున్నదే.

కృష్ణా ముఖద్వారాన ఉన్న మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవుగా ఉన్న కాలంలో, 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడికి వచ్చారు. వారిని రప్పించినది గుడ్డ. చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు, నీలిమందు నుంచి వచ్చే నీలం, ఎన్ని ఉతుకులకైనా పోని రంగుల పనితనం కోరమాండల్ అని పిలిచిన ఈ తీరపు వస్త్రాలకు ఆగ్నేయాసియా నుంచి ఇరాన్ దాకా గిరాకీ తెచ్చాయి. అయితే ఆ గుడ్డను చేసిన ఇళ్ళలో వాడిన మాటలు వేరు. చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద ఒత్తే పనిని అద్దకం అన్నారు; శ్రీకాళహస్తి వైపు గుడి తెరల మీద వెదురు పుల్లతో పురాణ కథలను గీసే పనిని వ్రాతపని అన్నారు. నేతగాళ్ళు గుడ్డ నాణ్యాన్ని పుంజాలలో చెప్పుకొన్నారు. పుంజం అంటే పడుగులోని నిర్ణీత సంఖ్య గల పోగుల జట్టు. ఒకే పన్నాలో ఎన్ని ఎక్కువ పుంజాలు ఇమిడితే గుడ్డ అంత సన్నం, అంత దట్టం. ఉత్తర సర్కారుల నేతగుడ్డల గురించి రాసిన ఇంగ్లీషు వర్తకులు ఈ మాటను ఉన్నది ఉన్నట్టుగా తమ లెక్కల పుస్తకాలలోకి తీసుకోవలసి వచ్చింది, ఎందుకంటే ఆ గుడ్డ వెల కట్టడానికి అంతకు మించిన కొలత వారి దగ్గర లేదు. తెలుగు మగ్గం నుంచి ప్రపంచ వాణిజ్య పరిభాషకు చేరిన కొద్ది మాటలలో ఇది ఒకటి కావడం గమనించదగినది.

మిగిలిన పేర్లు చాలావరకు కొనేవారి వైపు నుంచి వచ్చాయి. పోర్చుగీసువారు రంగుల బొమ్మల గుడ్డను పింటాడో అన్నారు, అంటే చిత్రించినది. మొదటి ఇంగ్లీషు వర్తకులు అదే మాటను అందుకున్నారు. తర్వాతి కాలంలో దాన్ని వెనక్కి నెట్టిన చింట్జ్ అనే పేరు హిందుస్తానీ ఛీంట్ నుంచి, అంటే చిలకరించిన చుక్క అనే అర్థం నుంచి పుట్టింది. తెలుగులో చీటిగుడ్డ అన్న మాటా ఆ కుదుటిదే. పలంపోర్ అనే పేరు పలంగ్‌పోష్, అంటే పడకమీది కప్పు, అనే మాట నోరు తిరగక మారిన రూపం. సన్నని మస్లిన్ రకానికి బెతీల్లా అన్న పేరు పోర్చుగీసులో మేలిముసుగును సూచించే మాట నుంచి వచ్చింది. వీటన్నిటికంటె విషాదకరమైన పేరు గినీ గుడ్డ: ఆ గుడ్డ ఎక్కడ పుట్టిందో గాక ఎక్కడికి పోతుందో ఆ పేరు చెబుతుంది, పశ్చిమాఫ్రికా గినీ తీరంలో బానిసలుగా అమ్ముడైన మనుషులకు బదులుగా యూరోపియన్లు ఇచ్చిన సరుకులలో కోరమాండల్ నీలిగుడ్డ ముఖ్యమైనది. నేసినవాడికి ఆ పేరు తెలిసే అవకాశం లేదు, తెలిసినా దాని వెనకనున్న ఘోరం తెలిసే దారి లేదు.

ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కొక్కటి గుడ్డను ఒక్కొక్క వైపు నుంచి పట్టుకోవడం కనిపిస్తుంది. పింటాడో పనివిధానాన్ని చెబుతుంది, పలంపోర్ ఉపయోగాన్ని చెబుతుంది, పుంజం నాణ్యాన్ని చెబుతుంది, గినీ గుడ్డ కొనేవాడిని చెబుతుంది. గుడ్డ ఒక్కటే అయినా, దాన్ని వెతికే దారులు ఇన్ని ఉన్నాయని వర్తకులు అనుభవం మీద గ్రహించారు. అయినా పేరును మాత్రమే నమ్ముకోలేదు. దుబాసీ ద్వారా బేరం కుదిరినప్పుడు ఒక మచ్చును, అంటే గుడ్డ నమూనా ముక్కను, దగ్గర ఉంచుకుని, తర్వాత వచ్చిన సరుకును దానితో సరిపోల్చి తీసుకొనేవారు. ఇంగ్లీషు రికార్డులలో దానికి మస్టర్ అని పేరు. పేరు వస్తువును కనుగొనడానికి, మచ్చు దాన్ని నిర్ధారించుకోవడానికి అన్న ఈ విభజన నేటి ఆన్‌లైన్ అంగడిలోనూ ట్యాగు, ఛాయాచిత్రం అనే జంటగా కొనసాగుతూ ఉంది.

కొనేవాడి మాట క్రమంగా గుడ్డ రూపాన్నే మార్చగలదనడానికి 1643 నాటి ఒక ఉత్తరం సాక్ష్యం. లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరతులోని తమ వర్తకులకు రాస్తూ, బొంతల మీద ఎర్రని నేలకు బదులు తెల్లని నేల ఎక్కువగా ఉండాలనీ, పూలూ కొమ్మలూ మధ్యలో రంగులలో రావాలనీ కోరారు. ఆ తర్వాతి దశాబ్దాలలో ఫ్రాన్సు, ఇంగ్లండు దేశాలు తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఈ గుడ్డల మీద నిషేధాలు పెట్టినా, చింట్జ్ అన్న మాట మాత్రం చావలేదు; అక్కడి అచ్చు మిల్లులు దాన్ని తమ సరుకుకు తగిలించుకున్నాయి.

కలంకారీ అనే పేరు చరిత్ర ఇంతకంటె ఆసక్తికరమైనది. పారశీకంలో కలమ్ అంటే రాసే పుల్ల, కారీ అంటే పని. మాట అర్థాన్ని బట్టి చూస్తే అది శ్రీకాళహస్తి వ్రాతపనికే చెందాలి. మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో నేటికీ సాగుతున్న పనిలో ప్రధాన సాధనం అచ్చు, కలం కాదు. అయినా పెడన గుడ్డను ప్రపంచమంతా కలంకారీ అనే పిలుస్తున్నది. దీనికి కారణం విపణిలో ఉంది. మచిలీపట్నం గుడ్డకు పెద్ద కొనుగోలుదారైన ఇరాన్‌లో ఇలాంటి వస్త్రాలను కలమ్‌కార్ అనేవారు, ఇస్ఫహాన్‌లో అచ్చులతో ఒత్తే గుడ్డకూ నేటికీ అదే పేరు. అక్కడి కొనుగోలుదారు ఏ పేరుతో అడిగాడో ఆ పేరే ఇక్కడి పనివాడి గుడ్డకు స్థిరపడింది. అద్దకం అన్న సొంత మాట పెడన వాకిళ్ళలో మిగిలింది గాని, బిల్లు మీదికి ఎక్కలేదు. దీన్ని పొరపాటుగా కొట్టిపారేయడం సరికాదు. ఆ పేరు లేకపోతే ఆ సరుకు అన్ని శతాబ్దాలు దూరదేశాలలో నిలిచేది కాదు. కాని ఒక కులవృత్తి తన పనిని తాను పిలుచుకునే మాటను విపణికి వదులుకున్న సంగతి మాత్రం మరవరానిది.

పేర్లను పద్ధతి ప్రకారం పోగుచేసిన మొదటి పెద్ద ప్రయత్నం 19వ శతాబ్దిలో జరిగింది, అదీ నేతగాడికి మేలు చేసేది కాదు. లండన్‌లోని ఇండియా ఆఫీసులో భారతీయ ఉత్పత్తుల అధికారిగా పనిచేసిన జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో 700 గుడ్డ ముక్కలను 18 సంపుటాలలో అంటించి సిద్ధం చేయించాడు. అలాంటి జట్లు 20 తయారై, 13 బ్రిటన్‌లోనూ 7 భారతదేశంలోనూ ఉంచబడ్డాయి. ఒక్కొక్క ముక్కకూ ఒక సంఖ్య, దాని పక్కన గుడ్డ ఏ ఊళ్ళో దొరికింది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత ధర, ఏ పనికి వాడతారు అనే వివరాలు ఉండేవి. వర్గీకరణకు ఆయన ఉపయోగాన్ని పునాదిగా తీసుకుని, తలపాగాలను ఒకచోట, లుంగీలను, ధోవతులను, చీరలను వేర్వేరు చోట్ల కూర్చాడు. బ్రిటిష్ మిల్లుదారుడు భారతీయుడు ఏం కట్టుకుంటాడో తెలుసుకుని అదే గుడ్డను యంత్రం మీద నేసి పంపడం ఈ కూర్పు ఉద్దేశం. ఊరు, కొలత, ధర, వాడుక అన్న నాలుగు వివరాలతో ఎక్కడి గుడ్డనైనా కనుగొనవచ్చునని తేల్చిన ఈ పుస్తకాలు, పనితనం పరంగా నేటి ఆన్‌లైన్ జాబితాకు దగ్గరి పూర్వరూపాలు. తేడా అల్లా, వాటిలో చేసినవాడి ఊసు లేదు, లాభం అతనిది కాదు.

20వ శతాబ్దిలో పేర్ల ప్రవాహం మరో మలుపు తిరిగింది. నూలును గుడ్డ కాకముందే అక్కడక్కడ ముడివేసి రంగులో ముంచి, ఆ తర్వాత నేసే పనిని తెలుగు నేతగాళ్ళు చిటికి అన్నారు. చీరాల ప్రాంతం నుంచి పోచంపల్లికి పాకిన ఈ విద్యను నేడు దేశమంతా ఇకత్ అంటున్నది. ముడివేయడం అనే అర్థం గల ఈ మలయ్ భాషా పదం డచ్చి పండితుల రచనల ద్వారా వస్త్రశాస్త్ర పరిభాషలో స్థిరపడి, అక్కడి నుంచి పోచంపల్లి చీర మీదికి వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసిన చదరపు రుమాళ్ళకు తేలియా రుమాల్ అన్న పేరూ ఇలాంటిదే. తేల్ అంటే హిందుస్తానీలో నూనె, పని తెలుగువాడిది, పేరు బయటి విపణిది.

వాడుకతో పేరు వదులైపోవడం కూడా ఈ కాలంలోనే తీవ్రమైంది. స్క్రీన్ ప్రింటింగ్‌తో గంటల్లో తయారయ్యే గుడ్డలు కలంకారీ పేరుతోనూ, మిల్లులో అచ్చు వేసిన గుడ్డలు ఇకత్ పేరుతోనూ బజారుకెక్కాయి. దీనికి విరుగుడుగా వచ్చినది భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతంలో ఒక పద్ధతిలో తయారైన వస్తువుకు మాత్రమే ఆ పేరు వాడుకునే హక్కు ఇచ్చే చట్టం. 1999లో ఆమోదం పొంది 2003 సెప్టెంబరులో అమలుకు వచ్చిన ఈ చట్టం కింద పోచంపల్లి ఇకత్ 2004-05లో నమోదయింది. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు వేర్వేరుగా నమోదు పొందాయి, తేలియా రుమాల్‌కు 2020లో ఆ గుర్తింపు లభించింది. ఈ పేర్లన్నిటిలో పనిపేరు బయటి భాషదే. అందులో మూడింటి ముందు మాత్రం ఊరిపేరు చేరింది. విపణి ఇచ్చిన మాటను తీసుకుని, దానికి తన ఊరిని ముడివేయడం ద్వారా పనివాడు ఆ మాట మీద తన హక్కును కొంత వెనక్కి రాబట్టుకున్నాడు.

సరిగ్గా అదే దశకంలో ట్యాగు పుట్టింది. 2003లో మొదలైన డెలిషస్, 2004లో మొదలైన ఫ్లికర్ వంటి వెబ్‌సైట్లు తమ వాడుకదారులనే తమకు తోచిన మాటలను జతచేయనిచ్చాయి. పండితులు పై నుంచి విధించే వర్గీకరణకు భిన్నంగా జనం కింది నుంచి అల్లే ఈ పద్ధతికి 2004లో థామస్ వాండర్ వాల్ ఫోక్సానమీ అని పేరు పెట్టాడు. 2005లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో చేతిపని వస్తువుల కోసం ఎట్సీ మొదలై, ఆ పద్ధతిని అంగడికి వర్తింపజేసింది. అక్కడ ఒక్కొక్క వస్తువుకు 13 ట్యాగుల దాకా పెట్టుకోవచ్చు. ఒక్కొక్కటి ఖాళీలతో కలిపి 20 అక్షరాలు దాటకూడదు. అక్కడి శోధన యంత్రం మొదట వెతికిన మాటతో కలిసే వస్తువులను ఏరి, ఆ తర్వాత వాటిని వరుసలో పెడుతుంది. కాబట్టి గుడ్డ, చీర వంటి ఒంటి మాటను పెడితే అది లక్షల వస్తువులతో పోటీపడుతుంది. రెండు మూడు మాటల పదబంధం తక్కువమందిని రప్పించినా, సరిగ్గా ఆ వస్తువే కావలసినవారిని రప్పిస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ, దాని తర్వాతి కూర్పులలో, ఒక విషయాన్ని వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే ఐదు ముఖాల నుంచి పట్టుకోవాలని చెప్పింది. ట్యాగులను ఏరుకునేవారికి ఇంతకంటె మేలైన మార్గదర్శి కనిపించదు. ఒక పెడన దుప్పటికి పదమూడు చోట్లూ కలంకారీ అన్న మాటనే మార్చిమార్చి రాస్తే పన్నెండు చోట్లు వృథా అవుతాయి. పదార్థంగా నూలు, పనిగా చేతి అచ్చు, రంగుగా చిరివేరు ఎరుపు, వాడుకగా పడకకప్పు, స్థలంగా మచిలీపట్నం, సందర్భంగా గృహప్రవేశపు కానుక అని పంచుకుంటే, పాత వర్తకులు వేర్వేరు పేర్లతో తెరిచిన దారులన్నీ ఒకే వస్తువుకు తెరుచుకుంటాయి.

ఇక్కడ ఒక చిన్న కొలత చాలా సంగతి చెబుతుంది. రోమన్ లిపిలో రాసినప్పుడు మచిలీపట్నం అన్న మాటకు 13 అక్షరాలు, కలంకారీకి 9. మధ్య ఖాళీతో 23 అవుతాయి గనుక, చట్టం గుర్తించిన ఆ పూర్తి పేరు ఒక ట్యాగులో పట్టదు. శ్రీకాళహస్తి కలంకారీ సంగతీ అంతే. పోచంపల్లి ఇకత్ పదహారు అక్షరాలతో ఇమిడిపోతుంది. చట్టం కలిపి ముడివేసిన ఊరినీ పనినీ పెడన అమ్మకందారు మళ్ళీ విడదీసి, మచిలీపట్నం కాటన్ అని ఒక ట్యాగులో, కలంకారీ ఫ్యాబ్రిక్ అని మరో ట్యాగులో పెట్టుకోవలసి వస్తున్నది. వాటిలో మొదటిది ఒక్క అక్షరం కూడా మిగలకుండా సరిగ్గా ఇరవై. ఈ రెండూ పోగా ఇంకా పదకొండు చోట్లు ఉంటాయి. విదేశీ కొనుగోలుదారులకు అంతగా తెలియని అద్దకం అన్న మాటకు, రోమన్ లిపిలో కావలసినవి ఏడు అక్షరాలే.