సూది బరువు

మా అమ్మకు డెబ్బయ్యారేళ్లు. ఫలానా వస్తువు కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. అలాంటిది మొన్న దసరాకు జమ్మికుంట వెళ్తే, "బిడ్డా, మా అమ్మ ప్లేట్లు ఒక్కపారి వినాలని ఉన్నది. ఏదన్న మిషిను దొరుకుతదా?" అంది.

ప్లేట్లంటే అన్నం తినేవి కావండోయ్! గ్రామఫోను రికార్డులు. ట్రంకుపెట్టెలో పాతచీరల మడతల మధ్య ఇరవై రెండున్నాయి. మా తాతయ్య పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఓ ఏడు పత్తి బాగా పండి నాలుగు రూపాయలు మిగిలితే, వరంగల్లు నుంచి కీ ఇచ్చే గ్రామఫోను పెట్టె తెచ్చారట. అప్పటికి వాళ్ల వీధిలో కరెంటు లేదు. ఆ పెట్టెకి కరెంటుతో పనీ లేదు. పెట్టె ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. ప్లేట్లు మిగిలాయి.

అదెంత పని అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. హైదరాబాదులో ఓ దుకాణంలో సూట్‌కేసులా మడతపడే ముచ్చటైన ప్లేయరు కనిపించింది. మూడు స్పీడులూ ఉన్నాయన్నాడు. నిజమే, ఉన్నాయి. సూది మాత్రం ఒక్కటే! తీరా ప్లేటు పెడితే, కంకర రోడ్డు మీద ఎడ్లబండి పోతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనకాల ఎక్కడో ఎవరో పాడుతున్నారు. అమ్మ కాసేపు చెవి ఒగ్గి, "తియ్యి బిడ్డా, ప్లేటు అరుగుతది" అంది. ఆ మాట నాకు సూదిలాగే గుచ్చుకుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు "అక్కా, కొంటే బెల్టు డ్రైవే కొను" అన్నాడు. మా అబ్బాయి "డైరెక్టు డ్రైవు తప్ప వేరే మాటే లేదమ్మా" అన్నాడు. లక్ష దాటినవీ, పది లక్షలు దాటినవీ ఉన్నాయని విని మావారు పేపరు దించి నావైపు చూశారు, అంతే. మళ్లీ పేపరు ఎత్తేశారు. చీర కొనేముందు నేత చూస్తాం కదా, దీని పుట్టుపూర్వోత్తరాలూ చూద్దామని కూర్చున్నాను.

మన దేశంలో ఈ కథ 1902లో మొదలు. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట చివర ఆవిడ తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో. ఆ పాట ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలి కదా! 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టారు.

ఇంతకీ ఆ ప్లేట్లు దేంతో చేసేవారో తెలుసా? లక్కతో! మనం చేతికి వేసుకునే లక్కగాజుల లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కని కరిగించి, రాతిపొడీ నల్లరంగూ కలిపి అచ్చు వేసేవారు. అందుకే గాజులాగే కిందపడితే పగిలేది. ఇంకోమాట, మీ ఇంట్లో అలాంటివి ఉంటే స్పిరిటుతో తుడవకండి. లక్క స్పిరిట్లో కరుగుతుంది.

ఆ ప్లేటు మీద ఉక్కు సూది. దాని మీద పడే బరువు నూరు గ్రాముల పైమాటే. తులం పది గ్రాముల లెక్కన పది తులాలన్నమాట! రాతిపొడి సూదిని అరగదీసేది, సూది ప్లేటును అరగదీసేది. అందుకే ప్రతి వైపుకీ కొత్త సూది మార్చాలి. అంతా చేస్తే వినిపించేది మూడు నాలుగు నిమిషాలు.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చింది. లక్క పోయి వినైలు వచ్చింది. నిమిషానికి 78 చుట్లు పోయి 33 చిల్లర వచ్చింది. ఒక్క వైపే ఇరవై నిమిషాల పైన పాట. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం 1963లోనూ, ఘంటసాలగారు పోయాక 1974లో ఆయన భగవద్గీతా మన ఇళ్లకు వచ్చింది ఇలాగే. గాడి సన్నబడింది కనక సూది కూడా సన్నబడాలి, తేలికపడాలి. ఇప్పటి మంచి మిషన్లలో సూది మోపే బరువు రెండు గ్రాములు. అంటే తులంలో అయిదో వంతు!

అంత తేలికైన సూదికి మోటారు వణుకు కూడా వినిపిస్తుంది. ఖరీదైన మిషన్ల గొడవంతా ఈ వణుకు గురించే. 1954లో ఇంగ్లండు గారార్డ్ 301లో చిన్న రబ్బరు చక్రం పళ్లాన్ని ఒరుసుకుంటూ తిప్పేది. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ రాట్నం పద్ధతి పట్టాడు. చక్రం నుంచి కదురుకి దారం వేసినట్టు మోటారు నుంచి పళ్లానికి బెల్టు వేసి, పళ్లాన్నీ సూది చేతినీ కలిపి స్ప్రింగుల మీద ఊయలగా ఉంచాడు. అరవై డాలర్ల లోపే అమ్మాడు కూడా. స్కాట్లండు లిన్ వాళ్లు 1970ల మొదట్లో ఆ బాటనే పట్టి ఖరీదైన మిషన్లు చేశారు. 1970లో జపాను టెక్నిక్స్ వాళ్లు మధ్యలో బెల్టూ వద్దు, చక్రమూ వద్దు, మోటారు ఇరుసే పళ్లానికి ఇరుసు అన్నారు. ఇదీ మా తమ్ముడికీ మా అబ్బాయికీ తగువు!

తీరా చూస్తే, ఇద్దరూ అమ్మ పెట్టెలో ఏముందో అడగలేదు. గొప్ప గొప్ప మిషన్లు చాలావరకు 33, 45 చుట్లే తిరుగుతాయి. 78 వాటికి లేదు. పైగా అమ్మ ప్లేట్ల గాడి వెడల్పు. దానికి ఎల్పీ సూదికంటే మూడు నాలుగు రెట్లు లావు మొన ఉండాలి. సన్నసూది పెడితే గాడి అడుగున పడి దుమ్మునే పాడుతుంది. నా సూట్‌కేసు చేసిన ఘనకార్యం అదే!

చివరికి మధ్యరకం డైరెక్టు డ్రైవు ఒకటి కొన్నాను. అబ్బాయి గెలిచాడని కాదు, అది 78 తిరుగుతుందని, సూది తల మార్చుకోవచ్చని. రావణాసురుడికి పది తలలు, దీనికి రెండు. ఒకటి సుప్రభాతానికి, ఒకటి అమ్మమ్మ ప్లేట్లకి.

సంక్రాంతికి జమ్మికుంటలో పెట్టాం. నాటకం పద్యం. గొంతు ఎదురుగా కూర్చుని పాడుతున్నంత స్పష్టంగా వచ్చింది. ఇంతలో టిక్కు, టిక్కు అని మొదలైంది. ప్లేటుకి సన్నటి పగులు! ఒక్కో చుట్టుకీ ఒక టిక్కు. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చదివి, ఇంత డబ్బు పోసి!

తీయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. మీ మామయ్య చిన్నప్పుడు కింద పడేసిండు. మా అమ్మ రెండు దినాలు అన్నం తినలే. తరువాత పెట్టినప్పుడల్లా ఈ టిక్కు ఇని నవ్వేది."

ఆ పద్యం ఆరోజు మూడుసార్లు పెట్టించుకుంది. నాలుగోసారి తనే వద్దంది, ప్లేటు అరుగుతుందని.