ప్లాటినం పని మసి చేసింది!

ఖరీదైన ప్లాటినం చేసే పనిని మసి చేయగలదా? ఇవాళ్టి ఎపిసోడ్ దీని గురించే.

1991లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్ నుంచి బ్రయన్ ఓ'రీగన్, మైఖేల్ గ్రెట్జెల్ ఒక కొత్త సోలార్ సెల్ గురించి నేచర్ పత్రికలో రాశారు. అందులో సిలికాన్ లేదు. తెల్ల పెయింట్లలో కలిపే టైటానియం డయాక్సైడ్, దానికి పట్టించిన రంగు, అయోడిన్ ద్రావణం, అంతే. ఎఫిషియన్సీ 7 శాతం దాటింది. చౌక సోలార్ వచ్చేస్తుందన్న ఆశ పుట్టింది.

కానీ ఒక మెలిక ఉంది. వెలుతురు పడగానే రంగు ఒక ఎలక్ట్రాన్‌ని వదులుతుంది. అది వైర్‌లో తిరిగి అవతలి ఎలక్ట్రోడ్‌కి వస్తుంది. అక్కడ అయోడిన్ ద్రావణం దాన్ని అందుకుని మళ్లీ రంగుకి చేర్చాలి. ఉత్త గాజు పలక మీద ఈ అందుకోవడం మహా నెమ్మది. అందుకే దాని మీద ప్లాటినం పూత.

పూత చాలా పల్చన, నిజమే. ఒక్క సెల్‌కి లెక్కలోకి రాదు. మరి వేల ఇళ్ల పైకప్పులకైతే? పైగా మామూలు పద్ధతిలో దాన్ని దాదాపు 400 డిగ్రీల దగ్గర కాల్చాలి. ఆ వేడికి ప్లాస్టిక్ ఆగదు.

1996లో ఆండ్రియాస్ కే, గ్రెట్జెల్ కలిసి గ్రాఫైట్‌తో పాటు కార్బన్ బ్లాక్ వాడి చూశారు. అంటే పెన్సిల్ ములుకులో ఉండేది, టైర్లలో కలిపే మసి పొడి! 6.7 శాతం వచ్చింది. కిటుకు ఏంటంటే, కార్బన్‌కి ప్లాటినం అంత చురుకు లేదు. కానీ స్పాంజ్‌లా మందంగా వేస్తే లోపల బోలెడంత ఉపరితలం దొరుకుతుంది. 2006లో కార్బన్ బ్లాక్ ఒక్కదానితోనే 9.1 శాతం సాధించారు. 2009లో కోబాల్ట్ సల్ఫైడ్‌ని ఏకంగా ప్లాస్టిక్ మీదే పూశారు.

అసలు మలుపు తర్వాత వచ్చింది. అయోడిన్ బదులు కోబాల్ట్ ద్రావణం వాడటం మొదలైంది. దానికి ప్లాటినం కన్నా గ్రాఫీన్ బాగా కుదిరింది. 2014లో 13 శాతం రికార్డు కొట్టిన సెల్‌లో ఉన్నది గ్రాఫీనే. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. ఫలానా లైబ్రరీ లేకుండా కుదరదనుకుంటాం, పక్కనున్న కోడ్ మార్చాక దాని అవసరమే ఉండదు.

అయితే ఈ సెల్ మన డాబాల మీదికి ఎందుకు రాలేదు? ఈలోపు సిలికాన్ ప్యానెళ్ల ధర బాగా పడిపోయింది. ఇప్పుడు దీని బలం ఇంట్లో లైటు వెలుతురుతో నడిచే చిన్న సెన్సర్ల దగ్గరే. మెటీరియల్ చౌకైతే సరిపోదు, అవతలివాడు ఆగడు కదా!

మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను!