జీవోల మీద నడిచే వైద్యం: కామారెడ్డి, ఎల్లారెడ్డిల నుంచి ఒక పరిశీలన

2023 డిసెంబరు 3న వెలువడిన తెలంగాణ శాసనసభ ఎన్నికల ఫలితాల్లో కామారెడ్డి అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావునూ, నాలుగు రోజులకే ముఖ్యమంత్రి అయిన ఎ. రేవంత్‌రెడ్డినీ ఒకేసారి ఓడించింది. భాజపా అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పక్కనే ఉన్న ఎల్లారెడ్డిలో కాంగ్రెస్ అభ్యర్థి కె. మదన్‌మోహన్‌రావు నెగ్గారు. ఆ వారం తిరక్కుండానే, డిసెంబరు 9న, కొత్త ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల రూపాయల నుంచి 10 లక్షలకు పెంచింది. ఒకే జిల్లాలో ఒకచోట ఢిల్లీని ఏలే పార్టీ ఎమ్మెల్యే, మరోచోట హైదరాబాద్‌ను ఏలే పార్టీ ఎమ్మెల్యే. వైద్య సంస్కరణకు ఏ పునాది ఉందో చూడటానికి ఇది అనువైన చోటు.

ఆ పునాది చట్టం కాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ నేటికీ జీవోల మీద, ఒక ట్రస్టు మీద, ఆసుపత్రులతో కుదుర్చుకున్న ఒప్పందాల మీద నడుస్తోంది. రాష్ట్రమే రెండయినా పథకం నిలిచింది కదా అనవచ్చు. నిలిచింది, ఓట్ల భయంతో. ఆ భయం పథకాన్ని ఎత్తేయకుండా ఆపగలదు గానీ, బిల్లులు సకాలంలో చెల్లించేలా చేయలేదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 6వ అంశం ప్రజారోగ్యాన్ని, ఆసుపత్రులను రాష్ట్రాలకు అప్పగించింది. అందుకే 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ రాష్ట్రాలను ఒప్పించి తీసుకురావాల్సిన పథకమైంది. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. తమ ఆరోగ్యశ్రీయే మెరుగని తెలంగాణ ప్రభుత్వం మొదట కాదంది. 2020 డిసెంబరు చివర్లో సరేనంది. 2021 మేలో ఒప్పందం చేసుకుంది. చేరడానికి శాసనసభ చట్టం అక్కర్లేకపోయింది, వైదొలగాలన్నా అక్కర్లేదు. పశ్చిమ బెంగాల్ 2019లో అలాగే బయటికి వెళ్లింది. ఢిల్లీ కథ ఇంకా విచిత్రం: ఒప్పందం చేసుకోవాలన్న హైకోర్టు ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2025 జనవరిలో నిలిపివేసింది, ఫిబ్రవరి ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఏప్రిల్‌కల్లా ఢిల్లీ పథకంలో చేరింది. అమెరికాలో పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ విస్తరణకు రాష్ట్రాల మెడలు వంచరాదని 2012లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. కొట్టేయడానికైనా నిలబెట్టడానికైనా అక్కడ ఒక చట్టముంది. ఇక్కడ తేల్చేది ఎన్నికలు, ఆ తర్వాత ఆర్థిక శాఖ.

దవాఖానలో ఇది ఎలా కనిపిస్తుంది? ఎల్లారెడ్డి మండలంలోని రోగికి పెద్ద జబ్బు చేస్తే దారి కామారెడ్డికో, నిజామాబాద్‌కో, చివరికి జాతీయ రహదారి మీదుగా హైదరాబాద్‌కో. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఇంటివాళ్లు అడిగే మొదటి మాట, "సారూ, ఈడ కార్డు నడుస్తదా?" ఆరోగ్యమిత్ర కార్డు సరిచూస్తారు. ఆసుపత్రి రిపోర్టులు పంపితే ట్రస్టు డాక్టర్లు అనుమతి ఇస్తారు, ఆ తర్వాతే ఆపరేషన్. 2024 జులైలో 163 చికిత్సలు కొత్తగా చేరి జాబితా 1,835కు పెరిగింది. కానీ ఒప్పందం ట్రస్టుకూ ఆసుపత్రికీ మధ్యనే. రోగి అందులో పక్షం కాదు. 2025 జనవరిలోనూ, మళ్లీ సెప్టెంబరులోనూ బకాయిల కోసం ఆసుపత్రుల సంఘం సేవలు ఆపినప్పుడు పరిమితి కాగితం మీద 10 లక్షలే. ఆ వారం ఆపరేషన్ కావాల్సినవాడికి మాత్రం చేతిలో ఏ ఉత్తర్వూ లేదు.

కార్డు ఆగినచోట మొదలయ్యేది ముఖ్యమంత్రి సహాయ నిధి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో చేరాలంటే ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామన్న హామీ పత్రం), సొంతంగా ఖర్చు పెట్టుకుంటే బిల్లులతో దరఖాస్తు. రెంటికీ ఎమ్మెల్యే కార్యాలయమే గడప. చెక్కుల పంపిణీ ఫొటోలు జిల్లా పేజీల్లో మామూలు దృశ్యం. ఈ సాయాన్ని తక్కువ చేయను, ఎన్నో ఇళ్లు దాంతో గట్టెక్కాయి. అయినా ఎంత ఇస్తారో, ఎప్పుడిస్తారో అడిగే అధికారం దరఖాస్తుదారుకు లేదు. దీంతో పోలిస్తే 2023 సెప్టెంబరు 15న 100 సీట్లతో ప్రారంభమైన కామారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల గట్టి సంస్కరణ అని నా అంచనా: బకాయిలు పడ్డాయంటూ నోటీసిచ్చి దాని ఓపీని మూసేయడం ఆసుపత్రుల సంఘం చేతిలో లేదు.

న్యాయస్థానాలు కొంత దారి వేశాయి. రైలు నుంచి పడిన కూలీని మంచాలు లేవంటూ ఆసుపత్రి మీద ఆసుపత్రి తిప్పి పంపిన పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో (1996), ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో చికిత్స అందించకపోవడం 21వ అధికరణకు భంగమని సుప్రీంకోర్టు తేల్చి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. వి.పి. శాంత తీర్పు (1995) ప్రకారం ఖర్చు బీమా సంస్థ భరించినా రోగి వినియోగదారుడే. ట్రస్టు చెల్లించే ఆరోగ్యశ్రీకీ ఈ తర్కాన్ని విస్తరించవచ్చు. అయితే రెండూ హాని జరిగాక కోర్టు మెట్లెక్కినవారికే పనికొస్తాయి. 2023 మార్చిలో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. డాక్టర్లు వీధికెక్కారు, నియమావళి రాక చట్టం ముందుకు సాగలేదు. తెలంగాణకు అంత పెద్ద చట్టం వెంటనే కావాలని నేననను. క్లెయిము చెల్లింపుకు గడువు, దాటితే వడ్డీ, మంజూరైన చికిత్సను మధ్యలో ఆపరాదన్న నిబంధన, తిరస్కరణకు రాతపూర్వక కారణం, దానిపై జిల్లాలోనే అప్పీలు: ఇంతవరకు ఒక చిన్న బిల్లులో పట్టేదే.