‘విత్’ ఎటువైపు?

‘ది టర్క్స్ ఫాట్ విత్ ది జర్మన్స్’ అనే వాక్యాన్ని ‘టర్కీవాళ్లు జర్మన్లతో పోరాడారు’ అని తెలుగు చేస్తే ఏమవుతుంది? మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన నిలబడ్డవాళ్లు కాస్తా శత్రువులైపోతారు. ‘కలిసి’ అనే మాట చేర్చాల్సిందే. మన ‘తో’ కూడా తక్కువేం తినలేదు మరి. అన్నతో సినిమాకి వెళ్తాం, అన్నతోనే పోట్లాడతాం.

‘విత్’ది పుట్టుకతో వచ్చిన పేచీ. పాత ఇంగ్లిషులో దాని ముఖ్యమైన అర్థం ‘ఎదురుగా, వ్యతిరేకంగా’. ‘బేవుల్ఫ్’ కావ్యంలో గ్రెండెల్ అనే రాక్షసుడి మీద తలపడే సందర్భంలో కనిపించేది ఈ మాటే. మరి తోడుగా ఉండటానికి? దానికి ‘మిడ్’ అని వేరే మాట ఉండేది. జర్మన్ ‘మిట్’కి చుట్టం.

తర్వాతి శతాబ్దాల్లో ‘విత్’ మెల్లగా ‘మిడ్’ ఇంట్లో చేరి, చివరికి దాన్నే బయటికి గెంటేసింది. వైకింగుల నార్స్ భాషలోని దాయాది పదం ప్రభావం కొంత ఉందంటారు. నాకైతే కొట్లాటే దారి చూపించిందనిపిస్తుంది. కొట్లాటకైనా ఇద్దరుండాలి కదా, ఎదుటివాడు పక్కవాడు కావడానికి ఎంతసేపు!

పాత పగ ‘విత్‌స్టాండ్’లో ఇంకా చల్లారలేదు. ‘మిడ్’ మాత్రం ‘మిడ్‌వైఫ్’లో తలదాచుకుంది (‘మిడ్‌నైట్’లోది వేరు, అది ‘నడిమి’). ‘వైఫ్’ అంటే అప్పట్లో భార్యే కానక్కర్లేదు, ఏ స్త్రీ అయినా సరే. నొప్పులు పడుతున్న తల్లికి తోడుండే ఆడమనిషి. మన మంత్రసాని.