చక్కెర ఊళ్లో పిల్లల బువ్వ

పోయిన దసరాకి బోధన్ వెళ్లినప్పుడు ఇంటిల్లిపాదీ అంకాపూర్ పోయాం. ఆర్మూర్ దగ్గరి ఊరు. ముందు విత్తనాల వ్యాపారానికి పేరు, ఇప్పుడు దేశీ కోడి కూరకి అంతకన్నా ఎక్కువ పేరు. ముందే ఫోన్ చేసి చెప్తే కోడిని కోసి, వండి, అన్నంతో సహా ఇస్తారు. ప్లేటు లెక్క కాదు, కోడి లెక్క. హైదరాబాద్ నుంచి కూడా దీనికోసమే కార్లేసుకుని వస్తారు.

మా పాపకి నాలుగేళ్లు. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు, ముక్కులోంచి నీళ్లు. నేను ఫోన్‌లో కార్టూన్ పెట్టబోయాను. మా అమ్మ మాత్రం ఏమీ అనకుండా ముక్కని మంచినీళ్ల గ్లాసులో ముంచి కడిగింది. పీచులు పీచులుగా తీసి, వట్టి అన్నంలో కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టింది. పాప తింది. మేమిద్దరం వేడివేడిగా తిన్నాం. అమ్మ వంతు వచ్చేసరికి కూర చల్లారింది.

చేతులు కడుక్కుంటూ అంది: "మంచిగనే ఉంది గని, బయటికొచ్చి తిన్నా నాకు పని తప్పలె."

అప్పటికి నేను నిజామాబాద్ హోటళ్ల చరిత్ర రాద్దామని ఏదో పోగేస్తున్నాను. ఇరానీ చాయ్, ఉడుపి ఇడ్లీ, పరదాలు కట్టిన ఫ్యామిలీ రూములు, అలాంటివి. అమ్మ మాటతో అది పక్కకి పోయింది. హోటళ్ల చరిత్ర ఎవరికి చరిత్ర? చిన్న పిల్లలున్న ఇంట్లో 'బయట తినడం' అంటే ఏంటి? ఇంట్లో వంట ఒక పూట తప్పడం. ఎవరికి తప్పిందో, ఎప్పుడు తప్పిందో చూస్తే తప్ప ఈ ఊరి తిండి చరిత్ర అర్థం కాదనిపించింది.

మొదట చక్కెర సంగతి. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. కాలువల కింద 2,75,000 ఎకరాలు పారాలన్నది లెక్క. 1932లో బ్రిటిష్ ఇండియా దిగుమతి చక్కెర మీద రక్షణ సుంకం వేసింది. దాంతో దేశమంతా చక్కెర మిల్లులు లేచాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. పక్కన పుట్టిన కాలనీ పేరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీ అని మా బడిలో ప్రతి సారూ చెప్పేవాడు.

కాలువ నీళ్ల కోసం గుంటూరు, కృష్ణా వైపు నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్లున్న చోట్లని ఇప్పటికీ 'క్యాంపు' అనే అంటారు. మా ఆవిడ తాతగారు అలా వర్ని వైపు వచ్చినాయనే. అందుకని మా ఇంట్లో ఒకే డబ్బాకి రెండు పేర్లు. అమ్మకి చక్కెర, మా ఆవిడకి పంచదార. ఉగాదికి ఒకరికి పోలెలు, ఒకరికి బొబ్బట్లు. పాప తెలివైంది. ఎవరి దగ్గర అడిగితే పని అవుతుందో వాళ్ల మాట వాడుతుంది.

ఈ రెండు మాటల కిందా ఉన్న పాత తీపి బెల్లం. మలీద ముద్దలకి, పోలెలకి బెల్లమే. చెరకు ఊళ్లోనే ఆడి, పెద్ద పెనంలో కాచి తీసేది. ఫ్యాక్టరీ వచ్చాక చెరకు దారి మారింది. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చెరకు చట్టంలో 'ఫ్యాక్టరీ జోన్' అన్న మాటుంది. ఒక జోన్ ఒక ఫ్యాక్టరీకి కేటాయిస్తే అక్కడి చెరకు అక్కడికే పోవాలి. మా చిన్నప్పుడు క్రషింగ్ సీజన్‌లో ఊరంతా మడ్డి వాసన. బండ్ల వెనక పరిగెత్తి చెరకు గడ లాగడం మా ఆట. కానీ ఇంట్లో చక్కెర కొలిచి వాడేవాళ్లం. రేషన్ కార్డు మీద వచ్చేది కొంచెం. అది చాయ్‌కి, మిగిలితే రొట్టెకి.

చక్కెర రొట్టె గురించి ఆగి చెప్పాలి. వేడి రొట్టె మీద చారెడు చక్కెర చల్లి, చుట్ట చుట్టి చేతిలో పెడితే ఒక పిల్లాడి పూట గడిచిపోతుంది. గిన్నె లేదు, కూర లేదు, పక్కన కూర్చుని తినిపించక్కర్లేదు. సిడ్నీ మింట్జ్ 1985లో వచ్చిన 'స్వీట్‌నెస్ అండ్ పవర్' పుస్తకంలో ఇంగ్లండ్ గురించి ఇలాంటి మాటే అంటాడు. ఆడవాళ్లు మిల్లు పనికి పోవడం మొదలయ్యాక పొయ్యి దగ్గర గడిపే టైం తగ్గింది. చక్కెర వేసిన టీ, రొట్టె మీద జామ్ ఆ ఖాళీని నింపాయి. చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. మాంచెస్టర్ సంగతి అనుకున్నది మా వాకిట్లో జరిగింది. ఒక్కటే తేడా, మా అమ్మ మిల్లుకి పోలేదు. మిల్లే ఇంటికి వచ్చింది.

నిజామాబాద్ జిల్లాలో చక్కెర కంటే ఎక్కువ ఇళ్లని నడిపింది బీడీ. అమ్మ ఒళ్లో చాట ఉండని పగలు నాకు గుర్తు లేదు. రాత్రి తునికాకు తడిపి పెట్టడం, పొద్దున రేకుముక్క ఆనించి కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. సాయంత్రం కంపెనీ మనిషి చూసి, నచ్చనివి పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు. కాబట్టి వంటకి ఎంత సేపు పడుతుందన్నది మా ఇంట్లో రుచి విషయం కాదు, కట్టల విషయం.

ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో 'తెలంగాణ రుచులు' అని చూపించేవాటిలో సగం ఆ లెక్కలోంచి పుట్టాయని నా అనుమానం. పచ్చిపులుసుకి పొయ్యితో పెద్దగా పని లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, మిరపకాయ వేస్తే అయిపోయింది. మక్క గట్క పొద్దున ఒకసారి ఉడికిస్తే సాయంత్రం దాకా ఉంటుంది. పప్పు పొయ్యి మీద పడేసి కూర్చుంటే తనే ఉడుకుతుంది. ఇవన్నీ బీడీలకంటే పాత వంటలే. కానీ బీడీ చుట్టే ఇంట్లో నిలబడినవి ఇవి. గంట సేపు దగ్గరుండి కలపాల్సినవి పండగలకి పోయాయి.

అమ్మ అన్నం కలిపి పెడితే ముద్దలో సన్నగా తంబాకు వాసన వచ్చేది. ఎంత కడిగినా పోయేది కాదు. 'అమ్మ చేతి ముద్ద' అని మన సాహిత్యంలో ఎక్కడ చదివినా నాకు ముందు ఆ వాసనే వస్తుంది. ఆ ముద్ద మీద నేను కూడా గతంలో ఒకటి రెండు తియ్యటి వ్యాసాలు రాశాను. చాట ప్రస్తావన లేకుండా.

చట్టం వైపు చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ ప్రకారం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికుండేది. 48వ సెక్షన్ ఆడవాళ్లు పనిచేసే చోట పసిపిల్లలకి గది ఉండాలనేది. మొదట యాభై మందికి మించితే అన్నారు, 1976లో ముప్ఫైకి తగ్గించారు. బీడీ కార్మికులకి 1966లో విడిగా చట్టం వచ్చింది. అందులోనూ క్రెష్ ఉండేది, క్యాంటీన్ ఉండేది. కానీ అవి కార్ఖానాకి. పని జరిగేది మన వాకిట్లో అయితే ఏ క్రెష్, ఏ క్యాంటీన్? చాట ఒకచోట, ఊయల ఒకచోట, పొయ్యి ఒకచోట. మూడింటికీ ఒకే మనిషి.

మరి ఇక్కడి పిల్లలు మొదట బయట ఎక్కడ తిన్నారు? హోటల్లో కాదు. అంగన్‌వాడీలో. ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు సర్కారు బళ్లలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించాక, 2003 నుంచి మన దగ్గర మధ్యాహ్న భోజనం వచ్చింది. 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలై గర్భిణులకి, బాలింతలకి కేంద్రంలోనే ఒక పూట భోజనం పెడుతున్నారు. ఏడు నెలలు దాటిన పిల్లలకి బాలామృతం ప్యాకెట్. గోధుమ, శనగపప్పు, పాలపొడి, అందులోనూ చక్కెర.

దీన్ని మనం 'ఈటింగ్ అవుట్' అనం. పథకం అంటాం. కానీ ఒక తల్లికి ఒక పూట వంట తప్పించి, పిల్లని నలుగురి మధ్య కూర్చోబెట్టి తినిపించింది ఇదే. అయితే అక్కడ కూడా గరిటె ఎవరి చేతిలో ఉంది? మధ్యాహ్న భోజనం వండేవాళ్లకి కేంద్రం 2009 డిసెంబర్‌లో నెలకి 1000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఇంట్లో ఆడవాళ్లు చేసినప్పుడు లెక్కలోకి రానిది బయట చేసినా సగమే లెక్కలోకి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానో చెప్పాలి. హైదరాబాద్‌లో మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం. వారంలో నాలుగు రాత్రులు యాప్‌లో ఆర్డర్. పాప బరువు పెరగట్లేదని, ఇంటి వంట పెట్టమని డాక్టర్ అన్నాడు. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను. "నువ్వొచ్చి మా దగ్గరే ఉండరాదే, పాప నీ చేతి బువ్వ తింటది." ప్రేమగానే అడిగాననుకున్నాను. అమ్మ కొంచెం సేపు మాట్లాడలేదు. "వస్త. కని వంటకైతే రాను బిడ్డా. మస్తు చేసిన."

మా ఆవిడ పక్కనే ఉండి విన్నది. "మీ అమ్మ వంట గురించి వ్యాసాలు రాస్తావు, పప్పు పెట్టడం రాదు" అంది. రెండు మాటలూ ఒకే రోజు పడ్డాయి.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో గేటు మూతపడింది. దసరాకి తిరిగొచ్చేటప్పుడు పాపకి ఆ పొగ గొట్టం చూపించి, ఇక్కడ చక్కెర చేసేవాళ్లని చెప్పాను. "ఇప్పుడెవరు చేస్తున్నారు?" అంది. వేరే ఊళ్లో చేస్తున్నారన్నాను. ఇది మన ఇంటి వంటకి కూడా సరిపోయే జవాబే. ఒకరు మానేస్తే ఎక్కడో ఇంకొకరు చేస్తారు. యాప్‌లో వచ్చే డబ్బా వెనక కూడా ఒక వంటవాడున్నాడు, అతనింట్లో కూడా పిల్లలుంటారు.

ఈ మూడు నెలలుగా పొద్దుటి వంట నాది. పప్పు వచ్చింది. పచ్చిపులుసు అమ్మ ఫోన్‌లో చెప్తే చేశాను, పాపకి మిరపకాయ లేకుండా. రొట్టె గుండ్రంగా రావట్లేదు. కుదరని రోజు చక్కెర చల్లి చుట్ట చుట్టి చేతిలో పెడుతున్నాను. అమ్మ సంక్రాంతికి వస్తానంది. వచ్చిన రోజు ముందు ఆమెకి వడ్డించాలి, వేడిగా ఉండగానే.