నాగలి పోయె, సెంట్రింగ్ వచ్చె

జెర దగ్గరికి జరిగి కూసో బిడ్డా. గా ముక్క మంటల ఎయ్యకు, అది ప్లైవుడ్. దాని గమ్ము పొగకు కండ్లు మండుతయి. గీ వేప తుంట వెయ్యి.

నువ్విప్పుడు ఆఫీసుకు పోయే మాదాపూర్ అప్పుడు ఉత్త గుట్టలు, బండలు. నడుమ చెలకల జొన్నలు, ఆముదాలు. మా నాయిన ఊరికి వడ్లాయన. చేతికి పైసలిచ్చే రివాజు లేదు, పంటకాలం కల్లం కాడ మేర కొలిచేటోళ్ళు. దానికి ఏడాది పొడుగుతా నాగండ్లు చెక్కియ్యాలె, బండి గిర్రలు బాగుజెయ్యాలె. కర్రు కమ్మరాయనది, కట్టె మాది.

నాగలికి నల్లతుమ్మనే. చెట్టు కొట్టంగనే బాడిశ పట్టేది లేదు. అమాస దగ్గర కొడితే పురుగు పట్టదని మా నాయిన అనేటోడు. గది నేను నమ్మ. చెరువుల నానవెట్టుడు మాత్రం నమ్ముత. నెలల తరబడి నీళ్ళల్ల ఉంటే పసరు దిగిపోతది, పుచ్చుపురుగుకు తిండి దొరకది. బయటికి తీసినంక నీడకే ఆరవెట్టాలె. తడి కొసలల్లకెల్లి జల్ది పోతది, గందుకే అవి ముందు చీలుతయి. పేడ పూస్తే ఆ పోయేది నిమ్మలమైతది. అంగుళం మందానికి ఏడాది ఆగాలని లెక్క. మొన్న నువ్వు పచ్చి పలక తెచ్చి టేబుల్ చేస్తివి, వారంల అది వంకరపాయె. ఇప్పుడు సమజైందా?

కోతమిషన్ మా దిక్కు లేకుండె. గుంత తవ్వి, దాని మీద దుంగను అడ్డం పెట్టి, బొగ్గుపొడి రాసిన దారం గుంజి కొట్టి గీత వేసేది. పెద్ద రంపం పట్టుకొని పైన ఒకడు, గుంతల ఒకడు. గీత మీదకెల్లి పోనిచ్చే పని పైనోనిది. కిందోనికి కండ్లనిండ పొట్టే. నన్ను ఎప్పుడు కిందికే దింపేటోళ్ళు, చిన్నోన్ని గద. ఇప్పుడు దుంగ దొరుకుడే కష్టం. 2002ల వాల్టా చట్టం వచ్చినంక సొంత జాగల వేపచెట్టు కొట్టాల్నన్నా పర్మిషన్ గావాలె.

భూములు అమ్ముడువోయినంక నాగలి ఎవనికి? మావోళ్ళు సెంట్రింగ్ పనికి పోయిండ్రు. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ తెరిచిండు. పది అంతస్తులు. ఆ చుట్టుపక్కల లేసిన బిల్డింగులకు పలకలు పరిచింది, కింద కట్టెలు నిలవెట్టింది మా అసుంటోళ్ళే. కాంక్రీట్ గట్టివడ్డంక పలకలు ఊడవీకాలె. చెక్కిన నాగలి ఏండ్లకేండ్లు కండ్ల ముంగట తిరిగేది. గీ పని అట్ల గాదు, మన కట్టె లేనిది స్లాబు నిలవది, నిలిచినంక మన కట్టెతోని పని లేదు. కూలి మాత్రం వారంవారం చేతిల పడేది, అబద్ధమెందుకు? మేర కోసం పంటదాక చూసుడు తప్పింది.

శిల్పారామంల పల్లె బతుకును బొమ్మలు చేసి పెట్టిండ్రు. టికెట్ కొని పోయి చూసొచ్చిన. రాయదుర్గంల 2023ల తెరిచిన టీ-వర్క్స్‌ల చెక్కపని మిషన్లు సుత ఉన్నయట. కంప్యూటర్ పిల్లలు శనివారం రందా పడుతున్నరంటే నాకు నవ్వొస్తది, సంబురమూ అయితది.

ఇగ నువ్వు ఎర్రగడ్డ ఆదివారం అంగడిల తెచ్చిన డ్రిల్ మిషన్ సంగతి. నిప్పులు రాలుతున్నయని పారేస్తనంటవేంది? ముందు ప్లగ్గు పీకు. పక్కల మూతలు తిప్పి కార్బన్లు బయటికి తియ్యి. అరిగి పొట్టిగైతే స్ప్రింగు వాటిని లోపల తిరిగే రాగి మీద వత్తలేదు, గందుకే మెరుపులు. రాగి నల్లవడితే సన్న కాయితం పెట్టి తుడువు, గట్టిగ రుద్దకు. చేత్తోని తిప్పితే గరగర అంటే అది బేరింగు. ఆర్మేచర్ మాడిన వాసనొస్తే మాత్రం వైండింగు ఖర్చు లెక్క చూసుకో. కార్బన్లకు రాణిగంజ్ పో, పాతది నమూనాకు జేబుల పెట్టుకో. అదే సైజు లేకుంటే జెర పెద్దది తీసుకో, ఆకురాయి మీద నేను అరగదీసిస్త. చిన్నది తేకు, లోపల లొడలొడ కొట్టుకుంటది.